విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు అభ్యసనం, కంప్యూటరు: ఒక చారిత్రక పరిశీలన

ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినప్పుడు అతనికి రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఆ భాషలో చెప్పిన పాఠం అర్థం చేసుకోవడం ఒకటి. సందేహం వచ్చినప్పుడు నలుగురిలో నవ్వులపాలు కాకుండా అడగగలిగే చోటు దొరకడం రెండోది. మొదటిదాన్ని గురించి భాషాబోధన గ్రంథాలు విస్తారంగా చర్చించాయి. రెండోదాన్ని అంతగా పట్టించుకోలేదు. అయితే కంప్యూటరును భాషాబోధనలోకి తెచ్చినవారిలో పలువురిని కదిలించింది ఈ రెండో ఇబ్బందే. యంత్రం విసుక్కోదు, పదిమందిలో తప్పు ఎత్తిచూపదు. 1960 తరవాతి మూడున్నర దశాబ్దాల్లో ఈ ప్రయత్నం ఎలా సాగిందో, ఎక్కడ దారి మళ్ళిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను గుర్తుంచుకోండి: ప్రశ్న అడుగుతున్నది ఎవరు, జవాబు చెబుతున్నది ఎవరు?

యంత్రం కంటే ముందు వచ్చిన సిద్ధాంతం

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదివే తరగతి గదికి వెళ్ళి లెక్కల పాఠం చూశాడు. అక్కడ రెండు లోపాలు ఆయన కంట పడ్డాయి. పిల్లలందరూ, వచ్చినవారూ రానివారూ, ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. పైగా తాము చేసిన లెక్క తప్పో ఒప్పో వారికి వెంటనే తెలియడం లేదు. ఈ రెండింటికీ విరుగుడుగా ఆయన బోధనా యంత్రాన్ని రూపొందించాడు. పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టాలి, ప్రతి మెట్టు దగ్గర ఒక ప్రశ్న ఉండాలి, జవాబు సరైనదైతే ఆ సంగతి అప్పటికప్పుడే తెలియాలి. విద్యాశాస్త్ర పాఠాల్లో మీరు చదివిన పునర్బలనం ఇదే. ఈ పద్ధతికి కార్యక్రమయుత బోధన అన్న పేరు స్థిరపడింది.

భాషాబోధనలో ఇటువంటి ఆలోచనకు అప్పటికే నేల సిద్ధంగా ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రైస్ ఆధ్వర్యంలో 1941లో ఇంగ్లీషు భాషా సంస్థ ఏర్పడింది. విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పడం దాని పని. వాక్య నమూనాలను అలవాటయ్యేదాకా పదేపదే పలికించడం అక్కడి పద్ధతికి ప్రాణం. భాష అంటే అలవాట్ల సముదాయం అనుకున్నప్పుడు, అలవాటు చేయించడానికి అలసట లేని యంత్రం కంటే మంచి గురువు ఎవరుంటారు?

ఈ నమ్మకానికి పెద్ద దెబ్బ 1959లో తగిలింది. స్కిన్నర్ 1957లో భాషాప్రవర్తన మీద రాసిన గ్రంథాన్ని నోమ్ చామ్‌స్కీ ఒక దీర్ఘ సమీక్షలో తీవ్రంగా ఖండించాడు. మనిషి తాను ఎన్నడూ వినని వాక్యాలను కూడా పుట్టించగలడనీ, దాన్ని అలవాటుతో వివరించలేమనీ ఆయన వాదన. చరిత్రలోని విచిత్రం చూడండి. సిద్ధాంతం బలహీనపడటం మొదలైన మరుసటి సంవత్సరమే దాన్ని అమలుచేయగల కంప్యూటరు పని ప్రారంభించింది.

ప్లేటో, టిక్కిట్

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ నాయకత్వాన మొదలైన ప్రాజెక్టు పేరు ప్లేటో. గ్రీకు తత్వవేత్త పేరులా వినిపించినా ఇది కొన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు. ఆ విశ్వవిద్యాలయంలోనే నిర్మించిన ఇల్లియాక్ అనే పెద్ద కంప్యూటరుకు మొదట ఒకే ఒక్క టెర్మినల్ తగిలించి పాఠాలు నడిపారు. 1967లో పాల్ టెన్జార్ ట్యూటర్ అనే భాషను రూపొందించాడు. కంప్యూటరు శాస్త్రం చదవని అధ్యాపకుడు కూడా దానితో పాఠం రాసుకోవచ్చు. 1972లో వచ్చిన నాలుగో రూపం నాటికి విద్యార్థి ముందు నారింజ రంగులో వెలిగే ప్లాస్మా తెర ఉంది. దాన్ని వేలితో తాకి జవాబు చెప్పవచ్చు. ఉచ్చారణ వినిపించడానికి గాలి ఒత్తిడితో పనిచేసే శబ్దపరికరం ఒకటి ఉండేది. తెరమీద కొత్త అక్షరాలను గీసుకునే వీలు కూడా ఉండటంతో రష్యన్ వంటి భాషల పాఠాలకు అడ్డంకి లేకపోయింది. విదేశీ విద్యార్థుల కోసం ఇంగ్లీషు పాఠాలు కూడా ఆ యంత్రం మీదికి వచ్చాయి.

ఆ పాఠాల స్వభావం ఏమిటి? ఎక్కువ భాగం పదజాలం, వ్యాకరణం, అనువాద అభ్యాసాలు. యంత్రం అడుగుతుంది, విద్యార్థి జవాబు టైపు చేస్తాడు, యంత్రం సరిదిద్దుతుంది. జవాబులో ఏ అక్షరం తప్పిందో, ఏ మాట స్థానం మారిందో గుర్తులతో చూపించగలగడం ఆనాటికి గొప్ప సంగతే. కానీ విద్యార్థులు, ఉద్యోగులు దాన్ని ఇంకోరకంగా కూడా వాడుకున్నారు. 1973 నాటికే ప్లేటో మీద ఒకరికొకరు సందేశాలు రాసుకునే సదుపాయాలు వచ్చాయి. పాఠాలు చెప్పడానికి తెచ్చిన యంత్రం కబుర్లు చెప్పుకునే రచ్చబండ అయింది. భాష నేర్చుకునేవాడికి ఈ రెంటిలో ఏది ఎక్కువ ఉపయోగమో ఆలోచించాల్సిందే.

ప్లేటోకు సమకాలీనమైన టిక్కిట్ ప్రాజెక్టు 1970ల మొదట్లో మైటర్ సంస్థ, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం కలిసి చేపట్టినది. రెండేళ్ళ కళాశాలల విద్యార్థులకు గణితం, ఇంగ్లీషు రచన నేర్పడం దాని ఉద్దేశం. వీరిలో ఎక్కువమంది ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్చుకునేవారు కారు. అయినా దూరవిద్య చదువుతున్న మీకు దీని కథ దగ్గరగా తోస్తుంది. టిక్కిట్ కీబోర్డు మీద ప్రత్యేకమైన మీటలు ఉండేవి: నియమం చూపించు, ఉదాహరణ ఇవ్వు, అభ్యాసం పెట్టు, ఇంకా తేలికది, ఇంకా కష్టమైనది, సలహా ఇవ్వు. పాఠం ఏ క్రమంలో సాగాలో విద్యార్థే నిర్ణయించుకుంటాడు. 1978లో వెలువడిన మూల్యాంకనంలో తేలినది ఇది: కోర్సు పూర్తిచేసినవారు మామూలు తరగతి విద్యార్థుల కంటే మెరుగ్గా రాణించారు, కానీ పూర్తిచేసినవారి శాతం మామూలు తరగతుల కంటే తక్కువ. స్వేచ్ఛ ఇచ్చారు సరే, ఆ స్వేచ్ఛతో ఒంటరిగా మిగిలిన విద్యార్థి మధ్యలో ఆగిపోతే భుజం తట్టేవారు ఎవరన్నది ఆ యంత్రంలో లేదు. సంపర్క తరగతులు ఎందుకు పెడతారని అడిగేవారికి నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను.

చిన్న యంత్రాలు, చిన్న ఉపాయాలు

ప్లేటో వంటి వ్యవస్థలకు లక్షల డాలర్లు కావాలి. 1980ల ఆరంభంలో బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్, బీబీసీ మైక్రో వంటి చిన్న కంప్యూటర్లు ఆ పరిస్థితిని మార్చాయి. బీబీసీ మైక్రోలో బాగా అమ్ముడైన నమూనా జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఈ రోజు మీ ఫోనులో ఉన్న ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ఇంత ఇరుకులో పెద్ద పాఠాలు రాయడం కుదరదు. అందుకే కాబోలు, ఉపాధ్యాయులు పాఠాలు మాని ఆటలు, ఉపాయాలు వెతికారు.

బ్రిటిష్ ఉపాధ్యాయుడు జాన్ హిగ్గిన్స్ 1983లో ఈ మార్పుకు మంచి ఉపమానం ఇచ్చాడు. కంప్యూటరు రెండు రకాల గురువుగా ఉండవచ్చునన్నాడు. ఒకరు పాఠం, ప్రశ్న, మార్కు అన్నీ తన చేతిలో పెట్టుకున్న అధికారి. మరొకరు ప్రాచీన గ్రీసులో పిల్లవాడి వెంట బడికి నడిచి, అడిగినప్పుడు మాత్రమే పలికే సేవకుడు. ఇంగ్లీషులో బోధకుడికి వాడే పెడగాగ్ అన్న మాట అసలు అర్థం ఆ సేవకుడే. ఇంతకాలం యంత్రాన్ని అధికారిగానే చూశారు, దాన్ని సేవకుడిగా వాడి చూడండి అన్నది ఆయన సూచన. ఆయన ఆలోచనతో వచ్చిన స్టోరీబోర్డు అనే కార్యక్రమంలో ఒక పేరా మొత్తం గీతలుగా మారిపోతుంది. విద్యార్థులు మాటలు ఊహించి టైపు చేస్తారు. ఊహించిన మాట ఆ పేరాలో ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా ప్రత్యక్షమవుతుంది. ఒకే తెర ముందు ముగ్గురు నలుగురు కూర్చొని ఈ మాట కాదు ఆ మాటని వాదులాడుకోవడంలోనే అసలు భాషాభ్యాసం జరిగేది. యంత్రానికి తెలియకుండానే అది సంభాషణను పుట్టించింది.

హిగ్గిన్స్‌తో కలిసి 1984లో భాషాభ్యసనంలో కంప్యూటర్ల మీద పుస్తకం రాసిన టిమ్ జాన్స్ మరొక చిన్న కార్యక్రమం చేశాడు. విద్యార్థి ఒక నామవాచకాన్ని టైపు చేస్తే దాని ముందు ‘ఎ’ రావాలో ‘ఆన్’ రావాలో కంప్యూటరు చెబుతుంది. ఇక్కడ పరీక్ష రాస్తున్నది యంత్రం. దాన్ని తికమకపెట్టి తప్పు చెప్పించడం విద్యార్థి పని. అచ్చుతో మొదలైతే ‘ఆన్’ అని మనం బడిలో బట్టీపట్టిన సూత్రం ఎంతవరకు నిలుస్తుందో ఈ ఆటలో తేలిపోతుంది. ‘యూనివర్సిటీ’ని ఇంగ్లీషులో రాసినప్పుడు మొదటి అక్షరం అచ్చే, పలికేటప్పుడు వినిపించేది మాత్రం ‘య’కారం. ‘అవర్’ రాతలో హల్లు, పలుకులో అచ్చు. ‘ఎమ్మెల్యే’ సంగతీ అంతే. యంత్రాన్ని ఓడించే మాటల కోసం వెతికే విద్యార్థి, సూత్రం రాతను బట్టి కాక పలుకును బట్టి అని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.

బర్మింగ్‌హామ్‌లో జరిగినది

ఇక్కడ మనం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. టిమ్ జాన్స్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పే విభాగంలో పనిచేసేవాడు. అక్కడికి వచ్చేది భాషాసాహిత్య విద్యార్థులు కాదు, వేర్వేరు దేశాల నుంచి వచ్చి రవాణా ప్రణాళిక, వృక్షశాస్త్రం వంటి విషయాల్లో పై చదువులు చదివేవారు. వారికి తమ శాస్త్రం వచ్చు. దాన్ని ఇంగ్లీషులో రాయడం దగ్గరే చిక్కు. జాన్స్, ఆయన సహచరుడు టోనీ డడ్లీ ఎవాన్స్ ఆయా శాస్త్రశాఖల అధ్యాపకులతో కలిసి తరగతులు నడిపిన వైనాన్ని 1980లో ప్రచురించారు.

ఇటువంటి విద్యార్థులు అడిగే సందేహాలు వ్యాకరణ గ్రంథాల్లో దొరకవు. ‘కన్విన్స్’కూ ‘పర్సుయేడ్’కూ తేడా ఏమిటి? నిఘంటువు చూస్తే రెండింటికీ ‘ఒప్పించు’ అనే ఉంటుంది. ఇంగ్లీషువాణ్ణి అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, అది తరచు నిజం కాదు. మనం పుట్టినప్పటి నుంచి మాట్లాడే తెలుగులో ‘చెప్పు’కూ ‘అను’కూ తేడా ఏమిటని ఒక పరాయి భాషవాడు అడిగితే మనమూ తడబడతాం కదా. జాన్స్ దీనికి కనిపెట్టిన దారి, జవాబు తాను చెప్పకుండా ఆధారాలు ముందుంచడం. ఆ మాట అసలైన రాతల్లో వచ్చిన వాక్యాలన్నిటినీ కంప్యూటరుతో వెతికించి, మాట నడిమధ్యన నిలువు వరుసలో కనబడేలా అచ్చు తీసి విద్యార్థి చేతికిచ్చేవాడు. నేరస్థలంలో ఆనవాళ్ళు చూసే అపరాధ పరిశోధకుడిలా విద్యార్థి ఆ వరుసలు పరిశీలించి తేడా తానే తేల్చుకోవాలి. దీన్ని ఆయన దత్తాంశాల ఆధారంగా నేర్చుకోవడం అన్నాడు. 1991లో ఈ పద్ధతి మీద రాసిన వ్యాసాలతో అది ప్రసిద్ధమైంది.

ఇలాంటి పట్టికను కంకార్డెన్స్ అంటారు. మాట కొత్తగా అనిపించినా పని పాతది. అలెగ్జాండర్ క్రూడెన్ 1737లో బైబిలుకు ఇటువంటి పదసూచిక ప్రకటించాడు. మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ వేదవాఙ్మయానికి చేసిన సూచిక 1906లో వెలువడింది. ఇవన్నీ కాగితపు చీటీల మీద ఏళ్ళతరబడి సాగిన చాకిరీ. రోబెర్తో బూసా అనే ఇటాలియన్ మతాచార్యుడు 1949లో ఐబీఎం సంస్థ సాయం కోరి, థామస్ అక్వైనస్ రచనలకు యంత్రంతో సూచిక తయారుచేసే పని మొదలుపెట్టాడు. అచ్చు సంపుటాలు 1974 నుంచి రావడం మొదలైంది. పండితులు పవిత్ర గ్రంథాల కోసం తయారుచేసుకున్న పనిముట్టును జాన్స్ తెచ్చి పరదేశపు విద్యార్థి బల్లమీద పెట్టాడు. కొత్తదనమంతా అందులోనే ఉంది.

బర్మింగ్‌హామ్‌లో ఇది సాధ్యపడటానికి మరో కారణం ఉంది. అదే విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ 1980లో కాలిన్స్ ప్రచురణ సంస్థతో కలిసి కోబిల్డ్ ప్రాజెక్టు ప్రారంభించాడు. లక్షలాది పదాల అసలు ఇంగ్లీషును కంప్యూటరులో పోగుచేసి, ఆ పోగును చూసి నిఘంటువు రాశారు. 1987లో వెలువడిన ఆ నిఘంటువు ప్రత్యేకంగా ఇంగ్లీషును నేర్చుకునేవారికోసమే. ఇలా పోగుచేసిన భాషకు కార్పస్ అని పేరు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1960లలో తయారైన పది లక్షల పదాల కార్పస్ ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి.

పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి మనవాళ్ళు తరచు చేసే తప్పునే తీసుకుందాం. కింది వరుసలు ఏ కార్పస్ నుంచీ తీసినవి కావు, వివరణ కోసం నేను కూర్చినవి.

వుయ్ విల్ — డిస్కస్ — ద బడ్జెట్ టుమారో
ద కమిటీ మెట్ టు — డిస్కస్ — దీజ్ ప్రపోజల్స్
షి రిఫ్యూజ్డ్ టు — డిస్కస్ — హర్ హెల్త్
ఆఫ్టర్ ఎ లాంగ్ — డిస్కషన్ — ఎబౌట్ ద బడ్జెట్
దేర్ వాజ్ నో — డిస్కషన్ — ఎబౌట్ ద ఫీజు

మొదటి మూడు వరుసల్లో మాట తరవాత ఏముంది, చివరి రెంటిలో ఏముందో కింద చదవకముందే మీరు చూసుకోండి. క్రియ అయినప్పుడు ‘ఎబౌట్’ లేదు, నామవాచకం అయినప్పుడు ఉంది. తెలుగులో మనం ‘బడ్జెట్ గురించి చర్చించాం’ అంటాం. ఆ ‘గురించి’ని వదల్లేక ‘డిస్కస్డ్ ఎబౌట్’ అంటాం. అధ్యాపకుడు ఎర్రసిరాతో పదిసార్లు కొట్టేసినా పోని ఈ అలవాటు, ఇలాంటి వరుసలు ఓ ఇరవై చూసిన తరవాత వదలడం సంపర్క తరగతుల్లో నేను చూశాను. అందరిలో కాదు.

ఎందుకు అందరిలో కాదు? ఈ పద్ధతికి ఉన్న పరిమితులు దాచకూడదు. వరుసలు మధ్యలో తెగి ఉంటాయి. అందులో తెలియని మాటలు నాలుగైదు ఉంటే ఆనవాళ్ళు కనబడవు. ఇంగ్లీషు బొత్తిగా రానివాడికి ఆధారాల కుప్ప ఇచ్చి నువ్వే తేల్చుకో అనడం ఈత రానివాణ్ణి నడిఏట్లో వదిలినట్టు. సమయమూ ఎక్కువే పడుతుంది. జాన్స్ విద్యార్థులు చాలావరకు పై చదువులకు వచ్చినవారు, పక్కన ఆయన కూర్చొని ఉండేవాడు. విద్యార్థి రాసిన ముసాయిదా ఇద్దరూ చూస్తూ, ఒక్కో వాక్యం దగ్గర సందేహం వచ్చినప్పుడు యంత్రాన్ని అడగడం ఆయన తీరు. ఈ కూర్చోవడాన్ని మినహాయించి యంత్రాన్ని మాత్రమే అనుకరించినవారికి ఆ ఫలితాలు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1993లో మైక్ స్కాట్, టిమ్ జాన్స్ రూపొందించిన మైక్రోకంకార్డ్‌ను ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ విడుదల చేసింది. మామూలు కంప్యూటరులో నడిచే ఆ కార్యక్రమంతో వాడుకోవడానికి పది లక్షల పదాల చొప్పున రెండు సంకలనాలు కూడా వచ్చాయి. మరుసటి ఏడాదికి పది కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్ పూర్తయింది. 2002 నుంచి జపాన్‌లోని లారెన్స్ ఆంథొనీ తయారుచేసిన యాంట్‌కాంక్ ఉచితంగా దొరుకుతోంది.

మూడు దశల పట్టిక గురించి

ఈ చరిత్రను మార్క్ వార్షౌర్ 1996లో ప్రవర్తనావాద, భావవ్యక్తీకరణ, సమగ్ర దశలని మూడుగా విభజించాడు. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి గుర్తుంచుకోండి. అయితే స్టీఫెన్ బాక్స్ 2003లో ఈ విభజనను ప్రశ్నించాడు. నా అభిప్రాయమూ కొంత అటే. ప్లేటో మీద 1973లో జనం కబుర్లు చెప్పుకున్నారు, ఇవాళ్టి ఫోన్ యాప్‌లలో సగానికి సగం ఖాళీలు పూరించే పాత అభ్యాసాలే. దశలు ఒకదాని తరవాత ఒకటి రాలేదు, పక్కపక్కనే నడిచాయి.

మన దగ్గర

హైదరాబాదులో 1958లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి మూలం. ఇంగ్లీషు అధ్యాపకుల శిక్షణలో దాని పాత్ర మీకు మరో పాఠంలో వస్తుంది. ఇంజినీరింగు కళాశాలల్లో 2000 తరవాత జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలో ఇంగ్లీషు భాషా ప్రయోగశాల తప్పనిసరి అంశంగా చేరింది. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు తెర, తెరమీద ఉచ్చారణ పాఠం, దాని వెనక బహుళైచ్ఛిక ప్రశ్నలు. వినడానికీ పలకడానికీ ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ మొదట మీరు గుర్తుంచుకున్న ప్రశ్న వేసి చూడండి: అడుగుతున్నది ఇంకా యంత్రమే.

కార్పస్ పని మనదేశంలో జరగలేదనుకోవద్దు. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్. వి. శాస్త్రి నాయకత్వంలో భారతీయ ఇంగ్లీషుకు పది లక్షల పదాల కార్పస్ 1980లలో తయారైంది. 1978లో అచ్చయిన రచనల నుంచి నమూనాలు తీసుకున్నారు. దీనివల్ల ఒక గడ్డు ప్రశ్న లేచింది. ఆధారాలను చూసి నేర్చుకోవాలంటున్నారు, మరి ఎవరి ఆధారాలు? లండన్ పత్రికలో లేని ప్రయోగం భారతీయ రచనల్లో పదేపదే కనబడితే దాన్ని తప్పనాలా, మన ఇంగ్లీషు అనాలా? ఉద్యోగ దరఖాస్తు రాసే విద్యార్థికి ఇది సిద్ధాంత చర్చ కాదు, ఎంపికచేసేవాడు ఏ కొలబద్ద పట్టుకున్నాడన్న దాన్ని బట్టి అతని అవకాశం ఉంటుంది.

అచ్చయిన రచన ఒకటి, నేర్చుకునేవాడి రాత ఇంకొకటి. బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో సిల్వియాన్ గ్రాంజె 1990లో మొదలుపెట్టిన అంతర్జాతీయ కార్పస్ ఈ రెండోదాన్ని పోగుచేసింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలే అందులో ఉంటాయి. ఏ మాతృభాషవారు ఎక్కడ తడబడతారో వాటిని పోల్చి చూసి, దానికి తగిన పాఠాలు తయారుచేయవచ్చు. 2002లో వెలువడిన దాని మొదటి కూర్పులో పదకొండు మాతృభాషల విద్యార్థుల రాతలున్నాయి: ఫ్రెంచి, జర్మన్, డచ్, స్పానిష్, ఇటాలియన్, స్వీడిష్, ఫిన్నిష్, పోలిష్, చెక్, బల్గేరియన్, రష్యన్. తెలుగు విద్యార్థి రాసిన ఇంగ్లీషు వ్యాసం అందులో ఒక్కటీ లేదు.